నోటి వ్యాధుల పరిశోధనకు నిధి: ఉత్తరాంధ్ర మహాజనులకు విజ్ఞప్తి



మన సముద్రతీరమందలి జాలరి స్త్రీలును, కూలినాలి చేసుకొను స్త్రీలును, చుట్టయొక్క నిప్పుకొనను నోటిలో నుంచుకొని కాల్చెడి అడ్డపొగ యను అలవాటును పెద్దలనుండి నేర్చి, గాలికి నిప్పు ఆరకుండుటయు చేతులు పనికి ఖాళీగా నుండుటయు సౌకర్యముగా నెంచి, తరతరములుగా తమ అంగిలిని ఆ సెగకు అప్పగించుచు వచ్చిరి. ఇతరత్ర అరుదైన అంగిలి క్యాన్సరు మన శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములయందు వైద్యులకు సుపరిచితమగుటకు ఇదియే హేతువు.

బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారి దంతపరిశోధకులును, డెన్మార్కు దేశీయుడగు పిండ్‌బోర్గును శ్రీకాకుళము జిల్లా పల్లెలలో 10,169 మంది నోళ్లను పరీక్షించి, 1971లో ఫలితములను ప్రకటించిరి. తదుపరి శ్రీకాకుళముతో పాటు కేరళ, గుజరాతులయందును 36,000 మంది పొగాకు సేవకులకు హితబోధ చేయగా, అలవాటును మానినవారును తగ్గించినవారును ఏర్పడిరని 1986లో తేలినది. ఈ పరిశోధనలకు అండయైన ధనము అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలది. దంతపరిశోధనకై 1948లోనే ప్రత్యేక జాతీయ సంస్థను నెలకొల్పుకొనిన దేశమది. రోగము మనది, రోగులు మనవారు. ధనము మాత్రము పరులదై యుండుట ఇంకెంతకాలము?

రోడ్లకును మంచినీటికిని చాలని ఖజానాలో దంతపరిశోధనకు చోటెక్కడ యని కొందరందురు. ముదిరిన వ్యాధికి అంగిలిని కోసివేయు శస్త్రచికిత్స వ్యయమును, 2007లో ఆరోగ్యశ్రీ పథకము వచ్చినది మొదలు, ఆ ఖజానాయే భరించుచున్నది గదా! తెల్లమచ్చగానో ఎర్రమచ్చగానో ఉన్నపుడే ఆ వ్యాధిని గుర్తించుటకు ఒక అద్దము, ఒక దీపము, శిక్షణ పొందిన కన్ను చాలును. అట్టి మచ్చలు గల అంగిలిని చదువుకాలమున చూడని దంతవైద్య విద్యార్థికి ఆ కన్ను ఎట్లు అలవడును?

కావున రాష్ట్ర బడ్జెటులో నోటి వ్యాధుల పరిశోధనకు ప్రత్యేక పద్దు నేర్పరుపవలెననియు, విజయవాడ, కడప ప్రభుత్వ దంతవైద్య కళాశాలల విద్యార్థులు కొంతకాలము తీరగ్రామములలో శిక్షణ పొందునట్లు చేయవలెననియు, శ్రీకాకుళమున శాశ్వత పరిశోధనకేంద్రము స్థాపింపవలెననియు కోరుచున్నాము. మీరు గ్రామసభలలో ఈ మేరకు తీర్మానములు చేసి, బడ్జెటు సమావేశములకు ముందే మీ శాసనసభ్యునకు పంపుడు. వోటడుగ వచ్చిన ప్రతి అభ్యర్థిని ఈ మూడింటిపై అతని అభిప్రాయమడిగి, పదుగురి యెదుట సమాధానము చెప్పింపుడు.