ఏకైక ప్రతినిధులు

మద్రాసు త్యాగరాయనగరములోని పాండీబజారును ఎరుగని తెలుగు కుటుంబము దక్షిణదేశమున అరుదు. పెండ్లి చీరలకును, పండుగ సామానులకును తరతరములుగా మనవారు అచ్చటికే పోవుచుండిరి. 1982 మే 19వ తేదీ రాత్రి ఆ బజారులోనే తుపాకులు పేలినవి. కాల్చినవారును, కాల్పులకు గురియైనవారును శ్రీలంక తమిళ యువకులే. ఒక వైపున వేలుపిళ్ళై ప్రభాకరన్. మఱియొక వైపున ఉమామహేశ్వరన్. కొలది యేండ్లకు పూర్వము వీరిరువురును 'తమిళ పులులు' అని పేరుపడిన ఒకే సంస్థలోనివారు. ఒకరు సేనానాయకులు, ఒకరు అధ్యక్షులు. విభేదములు పుట్టి ఉమామహేశ్వరన్ వెలుపలికి వచ్చి, 1980లో 'ప్లాట్' అను వేఱొక సంస్థను నెలకొల్పెను. లంకసైన్యముతో పోరుటకని సంపాదించిన తుపాకి, సముద్రము దాటి వచ్చి, పరదేశపు బజారునడుమ పాత సహచరునిపై గురిపెట్టబడెను. పోలీసులు పట్టుకొనిరి, షరతులమీద జామీను లభించెను. కథ అంతటితో ముగియలేదు.

ఈ సంస్థల చరిత్ర ప్రస్తావనకు వచ్చినప్పుడెల్ల మన పెద్దలు నిట్టూర్చి, 'పాపము, ఐకమత్యము లేక చెడిరి' అందురు. ఈ తీర్పుతో మేము ఏకీభవింపజాలము. ఐకమత్యము పేర సాగిన ఏకచ్ఛత్రాధిపత్యమే ఆ ప్రజలను ముంచినదని మా అభిప్రాయము. భాషాల్పసంఖ్యాకులమైన మనకు ఈ భేదము ముఖ్యము గనుక కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

వారి బాధలు కల్పితములు కావు. 1956లో సింహళమును ఏకైక అధికారభాషగ చేయు చట్టము వచ్చెను. 1981లో జాఫ్నా గ్రంథాలయము తొంబదివేలకు పైబడిన గ్రంథములతో భస్మమయ్యెను. 1983 జూలైలో కొలంబో మొదలైన పట్టణములందు తమిళుల ఇండ్లును, అంగళ్ళును దగ్ధములై, వేలకొలది జనులు పడవలెక్కి రామేశ్వరము చేరిరి. ఆ వేడిలో యువకులు చదువులు మాని సాయుధదళములలో చేరిరి. పులుల సంస్థ, టెలో, ఇ.పి.ఆర్.ఎల్.ఎఫ్., ప్లాట్, ఈరోస్ అను ఐదును పెద్దవి, చిన్నవి పెక్కులు. భారత ప్రభుత్వపు గూఢచారి శాఖ వీనికి శిక్షణయు, ఆయుధములును ఒసగెను. తమిళనాటి రాజకీయపు పోటీయు దీనికి తోడయ్యెను. ఎం.జి. రామచంద్రన్ గారు పులులను ఆదరింపగా, కరుణానిధి గారు టెలోకు సన్నిహితులైరి. కొట్లాడుకొను పిల్లల నడుమ మేనమామలు చేరి తలకొక కత్తి బహూకరించినట్లయ్యెను.

ఐక్యతకు ప్రయత్నములు జరుగకపోలేదు. 1984లో టెలో, ఇ.పి.ఆర్.ఎల్.ఎఫ్., ఈరోస్ ఒక కూటమిగ ఏర్పడినవి. 1985 ఏప్రిలులో పులుల సంస్థయు అందు చేరెను. ఆ యేటి వేసవి గడచిన పిమ్మట భూటాన్ రాజధానియైన థింపూలో లంక ప్రభుత్వముతో జరిగిన చర్చలలో తమిళపక్షమువారందరును కలసి నాలుగు మూలసూత్రములను కోరిరి. ఏడాది తిరుగలేదు. 1986 ఏప్రిలు చివర పులుల సంస్థవారు టెలోపై విరుచుకుపడిరి. మే 4వ తేదీన మధురలో ఈళ తమిళుల మద్దతునకై కరుణానిధి గారు గొప్ప సభ జరిపిరి. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు గారును, వాజపేయి గారును, బహుగుణ గారును దానికి విచ్చేసిరి. ఆ సభ జరుగుచున్న దినములలోనే జాఫ్నా వీథులలో టెలో యువకులు వెదకి వెదకి చంపబడుచుండిరి. మే 6న ఆ సంస్థ నాయకుడు శ్రీసబారత్నం హతుడయ్యెను. మృతులు నూటికి మించిరి. కొందరి దేహములను కూడళ్ళలోనే తగులబెట్టిరి.

టెలోవారు దోపిడీలు చేయుచున్నారనియు, భారతదేశమునకు కీలుబొమ్మలైనారనియు పులులు చెప్పిన కారణము. టెలోవారి దౌర్జన్యములను ప్రజలు చవిచూచియే యుండిరి. కనుకనే పలువురు మౌనముగ నుండిరి. ఆ యేటి డిసెంబరులో ఇ.పి.ఆర్.ఎల్.ఎఫ్. వంతు వచ్చెను. ప్లాట్ ఉత్తర ప్రాంతమున తన పనులను మానుకొనెను. ఈరోస్ మాత్రము అణగి నిలిచెను.

'తమిళులకు ఏకైక ప్రతినిధులము మేమే' అనునది పులుల సిద్ధాంతము. ఈ మాటను ఒప్పుకొన్నచో దాని ఫలితములు వెంట వచ్చి తీరును. శత్రువుతో సంధి కుదుర్చుకొనవచ్చును. ఆ సంధిలో సంతకము పెట్టు హక్కు తమదే గనుక శత్రువువలన ఆ వాదమునకు హాని లేదు. అదే జాతివాడు, అదే భాషవాడు, అదే బాధ పడినవాడు లేచి 'నా మాట వేఱు' అన్నచో ఆ వాదము అబద్ధమగును. కావున మొదట చావవలసినవాడు వాడే. 1977లో ప్రజల ఓట్లతో గెలిచి పార్లమెంటులో ప్రతిపక్షనాయకుడైన అమృతలింగము గారిని, 1989 జూలై 13న కొలంబోలో, మాటలాడుటకని ఇంటికి అతిథులుగ వచ్చినవారే కాల్చిచంపిరి. మూడు దినములకు ఉమామహేశ్వరన్ కూడ అదే నగరమున హతుడయ్యెను. చంపినవారు ఆయన సంస్థలోనివారే యని సాధారణముగ చెప్పబడుచున్నది.

మన సంఘములలోను చీలికలు లేవా? ఒకే పట్టణమున రెండు ఆంధ్రసంఘములు, రెండు ఉగాది సభలు, ఒక్కొక్క సభలో రెండవదానిని గూర్చి చాటుమాటలు ఉండును. పెద్దలు దీనిని జాతిదోషమని విచారింతురు. విచారింప నక్కరలేదని మేము తలంచుచున్నాము. తెలుగు పాఠశాలకొఱకు ప్రభుత్వమును అడుగుటకు రెండు మహజరులు పోయిన నష్టము లేదు. మీ మహజరు చెల్లదు, మాదియే తెలుగువారి గొంతు అని యొకరు బెదిరించిన నాడు విచారింపవలెను.

ఇ.పి.ఆర్.ఎల్.ఎఫ్. చరిత్రయు నిర్మలము కాదు. 1987 జూలై ఒప్పందము పిమ్మట భారతసేన అండతో 1988లో ఈశాన్యలంకలో రాష్ట్రప్రభుత్వము నెలకొల్పి, మరుసటి యేట బాలురను సైతము బలవంతముగ తన సేనలో చేర్చెను. 1990 మార్చిలో భారతసేన వెడలిపోగా, ఆ సంస్థవారు కుటుంబములతో పారిపోయి వచ్చిరి. వారిలో పలువురిని ఆంధ్ర సరిహద్దున నున్న ఒడిశాలోని మల్కనగిరి సీమలో ఉంచిరి. వారి నాయకుడు పద్మనాభ మద్రాసులోనే యుండెను. 1990 జూన్ 19న, నాడు మన చలనచిత్రరంగపు తెలుగు కుటుంబములకు స్వస్థలము వంటిదైన కోడంబాకములో, ఆయనను, డజనుకు పైబడిన ఇతరులను తుపాకులతోను, చేతిబాంబులతోను చంపి, హంతకులు క్షేమముగ తప్పించుకొనిరి.

చచ్చినవారు పరాయివారు, చంపినవారును పరాయివారు అని నగరము ఊరకుండెను. ఆ ఉపేక్షకు దేశము చెల్లించిన వెల అందరెరిగినదే. 1991 మే 21న రాజీవ్ గాంధీ గారు విశాఖపట్టణమునుండి విమానమున మద్రాసు చేరి, ఆ రాత్రియే శ్రీపెరుంబుదూరులో హతులైరి. ఆ కుట్రను నడపిన శివరాసన్ కోడంబాకము హత్యలలోను ముఖ్యుడని దర్యాప్తు చేసినవారు తేల్చిరి. అతడు ఆగస్టులో బెంగళూరు చెంత కోననకుంటెలో పోలీసులు చుట్టుముట్టగా మరణించెను.

బయట పోటీదారులు మిగులకపోయిన పిమ్మట కత్తి లోపలికి తిరిగెను. ప్రభాకరన్ తరువాతివాడైన మహత్తయను భారతదేశపు గూఢచారియని నిందించి బంధించి, 1994 చివర చంపిరి. తూర్పుసీమ సేనాపతి కరుణ 2004 మార్చిలో వేలాది అనుచరులతో విడిపోయెను; ఏప్రిలులో వెరుగల్ ఏటి తీరమున తమిళులు తమిళులతో పోరిరి. తూర్పు బిడ్డలు చచ్చుచుండగా పెత్తనము ఉత్తరమువారిదే యని అతని ఫిర్యాదు. నిజమో, నెపమో, అది చెప్పుకొనుటకు ఆ సంస్థలో సభ లేదు, ఓటు లేదు. మూడేండ్లకు తూర్పుసీమ యంతయు లంకసేన వశమయ్యెను. 2009 మేలో ముల్లైత్తీవు ఇసుకలో ప్రభాకరన్ మరణించెను. తుపాకిపోరుల నడుమ చిక్కిన సామాన్యులు వేలకొలదిగ నశించిరి.

ఈ చరిత్రలో మేము మఱువజాలనిది జాఫ్నా వైద్యకళాశాల ఆచార్యిణి రజని తిరణగామ మరణము. తొలుత గాయపడిన పులులకు చికిత్స చేసినది ఆమెయే. పిమ్మట, లంకసేన, భారతసేన, పులులు, ఇతర సంస్థలు అను భేదము లేక, అందరి దురాగతములను వ్రాసి యుంచుటకు సహచరులతో పూనుకొనెను. 1989 సెప్టెంబరు 21న, కళాశాలనుండి సైకిలుపై ఇంటికి పోవుచుండగా, వీథిలో కాల్చి చంపిరి. అప్పటికామె వయస్సు ముప్పదియైదేండ్లు. ఇద్దరు చిన్న కుమార్తెలు. చంపినది పులులేనని పెక్కురి నమ్మకము. ఆమెయు, మువ్వురు సహచరులును కలసి వ్రాసిన 'విరిగిన తాటిచెట్టు' అను అర్థము గల పేరుతో నున్న ఆంగ్లగ్రంథము మరుసటి యేట వెలువడెను.

1986లో మట్టుపెట్టితిమని పులులు భావించిన టెలో, యుద్ధము ముగిసిన మరు యేట, 2010 ఎన్నికలలో, తమిళ జాతీయ కూటమి పక్షమున తన నాయకుని శ్రీలంక పార్లమెంటునకు పంపినది.