అడ్డం వచ్చింది ట్రాం కాదు

మొన్న ఖమ్మంలో చుట్టాలింట గృహప్రవేశం. భోజనాలయ్యాక నలుగురం పందిట్లో కూర్చుంటే మాట ఎటెటో తిరిగి కలకత్తా ట్రాంల మీదికి వచ్చింది. హైదరాబాద్‌లో ఇంజనీరుగా పనిచేస్తున్న కుర్రాడొకడు, వరసకు నాకు కొడుకవుతాడు, "ట్రామా బాబాయ్? అది మ్యూజియంలో పెట్టాల్సిన బండి. రోడ్డుకు అడ్డం. అడిగితే మెట్రో అడగాలి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. కుర్రాడి మాటకు కాదు, ఆ తలలూపడానికి నాకు ఒళ్లు మండింది.

కాన్పూర్‌లో 1933లో ట్రాం ఆగింది. మద్రాసులో 1953లో, ఢిల్లీలో 1963లో, బొంబాయిలో 1964లో. ఒకచోట కంపెనీ దివాలా తీసింది, ఇంకోచోట బస్సులు చాలన్నారు. కారణం ఏదైతేనేం, చివరికి జనం నోట మిగిలింది మాత్రం ఈ ఒక్క మాటే: రోడ్డుకు అడ్డం.

కలకత్తా సంగతే చూడండి. 1873లో గుర్రాలు లాగిన బండి అది, 1902 నుంచి కరెంటు మీద నడిచింది. ఎస్ప్లనేడ్ నుంచి మైదాన్ దాకా ఉన్న చిన్న ముక్క తప్ప మిగతాదంతా ఎత్తేస్తామని 2024 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం చెప్పింది. మంత్రిగారు చెప్పిన కారణం: ఊరి విస్తీర్ణంలో రోడ్లు ఆరు శాతమే. అయ్యా, ఉన్నది ఆరు శాతమే అయినప్పుడు ఆ కాస్త చోటూ ఎవరికివ్వాలి? ఒక మనిషిని మోసే కారుకా, నూరు మందిని మోసే బండికా? ట్రాం కోసం విడిగా ఉన్న పట్టాల చోటును చాలా దారుల్లో మోటార్లకు తెరిచింది ప్రభుత్వాలే. కార్లు వచ్చి పట్టాల మీద నిలబడ్డాయి. వాటి వెనక ట్రాం ఆగింది. అప్పుడు "చూశారా, ఎంత నెమ్మదో" అన్నారు. ఇంటాయన్ని అరుగు మీదికి నెట్టి, లోపల మంచమేసుకున్నవాడు "నువ్వు దారికి అడ్డంగా కూర్చున్నావు" అన్నట్టుంది ఈ వాదన. ఇది అన్యాయం. ఇంజనీరింగు చదివినవాళ్లు కూడా దీన్నే తిరగేసి చెబుతుంటే కోపం రాక ఇంకేమొస్తుంది?

మద్రాసు సంగతి మనకింకా దగ్గరిది. కరెంటు ట్రాం మన దేశంలో మొదట నడిచింది అక్కడే, 1895లో. మూడు తరాల తెలుగువాళ్లు కోర్టుకూ కాలేజీకీ అచ్చాఫీసుకూ దాని మీదే తిరిగారు. 1953 ఏప్రిల్‌లో అది ఆగిపోయింది. అదే ఏడు అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు మన చేతిలోంచి పోయింది. మద్రాసు మనదేనని అంత కొట్లాడినవాళ్లం, ట్రాం మీద ఊరంతా తిరగొచ్చన్న ఈ ఒక్క సంగతినీ దాని నుంచి నేర్చుకోలేదు. కొన్నేళ్ల కింద విశాఖకు సుమారు 60 కిలోమీటర్ల ట్రాం అని కాగితం మీద రాశారు. ఇప్పుడు విశాఖలో ఎవర్ని కదిపినా మెట్రో మాటే.

మా వైపు పట్టాల కథ వేరు. ఇల్లందు దగ్గర బొగ్గుందని 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కనిపెట్టాడు. 1889 నాటికి తవ్వకం మొదలైంది. రైలు వచ్చింది ఆ బొగ్గు కోసం, మా కోసం కాదు. కొత్తగూడెం స్టేషనుకు 'భద్రాచలం రోడ్' అని పేరు పెట్టారు. ఆ పేరు నమ్మి దిగిన యాత్రికుడికి రాముడు ఇంకా నలభై కిలోమీటర్ల అవతల, గోదావరి దాటాక ఉంటాడు. ముసలాళ్లు సంచులు పట్టుకుని స్టేషను బయట ఆటోవాళ్లతో బేరమాడుతుంటే చూడలేక తల తిప్పుకున్న రోజులు నాకెన్నో ఉన్నాయి. అక్కడి నుంచే సత్తుపల్లికి 54 కిలోమీటర్ల కొత్త లైను వేశారు, 2022 నవంబరులో ప్రధాని జాతికి అంకితం చేశారు. దాని మీద సత్తుపల్లి బొగ్గు హాయిగా పోతోంది. మనుషుల బండి కోసం మాత్రం జనం ఇంకా అడుగుతూనే ఉన్నారు. కేరళలో పరంబికుళం అడవి నుంచి చాలకుడి దాకా 1907లో ట్రాం వేశారు. అదీ టేకు దుంగల కోసమే. అడవి అంచుకు పట్టాలు ఎప్పుడొచ్చినా మోసుకుపోవడానికే వచ్చాయి. అందుకే "పట్టాలు పాత సరుకు" అని ఎవరన్నా అంటే నాకు పట్టదు. బొగ్గుకు పాతబడనిది మనిషికెలా పాతబడింది?

ఇక మెట్రో. హైదరాబాద్‌లో స్తంభాల మీద 69 కిలోమీటర్లు కట్టారు. అది ఆ ఊరికి అవసరమేమో. కానీ ఖమ్మంలో కూర్చుని మెట్రో అనడం, ఎన్నటికీ రానిదాన్ని చూపించి రాగలిగినదాన్ని కొట్టిపారేయడమే. ఒకప్పుడు రైలు దిగితే బస్టాండు అడుగు దూరంలో ఉండేది. 2021లో కొత్త బస్టాండు బైపాసుకు పోయింది. 2023లో కలెక్టరేటు ఊరి బయట, వైరా రోడ్డులో వి.వెంకటాయపాలెం చేరింది. పెన్షన్ కాగితం పట్టుకుని కామేపల్లి నుంచో సింగరేణి నుంచో వచ్చే ముసలమ్మ ఒక్క పనికి రెండు మూడు ఆటోలెక్కుతోంది. ఆమెకు కావాల్సింది నేల మీద నడిచే బండి, మెట్లు లేని బండి, రోడ్డు పక్కనుంచి ఒక్క అడుగు వేస్తే ఎక్కగలిగే బండి. మోకాళ్లు అరిగినవాణ్ణి, ఆ ఒక్క అడుగు విలువ నాకు తెలుసు.

ట్రాంకు ఖర్చంటారు. వంతెనల మీద వంతెనలు కడుతున్నప్పుడు ఖర్చు మాట ఎవరూ ఎత్తరు. ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్ 1960లో ట్రాంను పీకేసి 1994లో మళ్లీ వేసుకుంది. నాంత్ 1958లో ఆపేసి 1985లో తెచ్చుకుంది. పొరపాటైందని ఒప్పుకుని దిద్దుకున్నారు.

ఖమ్మంలో రైల్వే స్టేషను నుంచి మయూరి సెంటర్, జడ్పీ సెంటర్ మీదుగా వైరా రోడ్డు పట్టి కలెక్టరేటు దాకా ఒక లైను వేయండి. త్రీటౌన్‌లో మిర్చి మార్కెట్ వైపు ఇంకొకటి. సందులు ఇరుకు కదా అంటారు. ఇరుకైన సందులోకి కారెందుకు రావాలో ముందు చెప్పండి. వంపులూ కొలతలూ చూసుకోవడానికి ఇంజనీర్లున్నారు, మా కుర్రాడూ ఉన్నాడు.

భద్రాచలానికి ఇంకా ముందే అడగాలి. మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం దాకా సుమారు 173 కిలోమీటర్ల రైలు మార్గానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. అది పూర్తయితే రాముడి ఊరికి నిజంగానే రైలొస్తుంది. నవమి కల్యాణానికి వచ్చే వేల మంది స్టేషనులో దిగి మళ్లీ ఆటోల బేరానికే నిలబడాలా? స్టేషను దగ్గరి నుంచి గుడి మెట్ల దాకా రెండు పట్టాలకు సరిపడా చోటును ఇప్పుడే గీసి పెట్టమని అడుగుతున్నాను. ఈ ఏడు అడగకపోతే వచ్చే ఏడుకు ఆ చోట్లో లాడ్జీలు లేస్తాయి.