ఘనం బలం వేరు, కట్టడం మన్నిక వేరు

2024 జూలై 6న సూరత్ శివారు సచిన్ ప్రాంతంలోని పాలీ గ్రామంలో ఆరంతస్తుల నివాస భవనం కూలి ఏడుగురు మరణించారు. ఆ భవనానికి పదేళ్లు కూడా నిండలేదు. అందులో కాపురమున్నవారిలో అధికులు సమీప కర్మాగారాల కార్మికులు. అదే సూరత్ మీదుగా వెళ్లే ముంబయి–అహ్మదాబాదు హైస్పీడు రైలు మార్గానికి 40 మీటర్ల పొడవు, 970 టన్నుల బరువు గల కాంక్రీటు గర్డర్లను ఏకఖండంగా పోతపోసి స్తంభాలపై నిలిపారు. కూలిన భవనం విషయంలో దోషమెవరిదో తేల్చవలసినది దర్యాప్తు. మేము చెప్పదలచినది వేరు. గట్టి కాంక్రీటు తయారుచేసే విద్య ఈ దేశంలో కొరవడలేదు. అది కార్మికుని ఇంటిదాకా రావడం లేదు.

అధిక సామర్థ్య కాంక్రీటు అంటే కేవలం అధిక బలం గల కాంక్రీటు కాదు. 150 మిల్లీమీటర్ల ఘనాన్ని 28వ రోజున యంత్రంలో నలిపి చూస్తే తెలిసేది బలం మాత్రమే. నీటిని, ఉప్పును లోనికి రానీయక ఏళ్ల తరబడి ఇనుమును కాపాడగలగడం మన్నిక. తాపీ నదిలోకి సముద్రపు పోటు ఎక్కివచ్చే సూరత్‌లో ఈ రెండవదే ప్రాణప్రదం. ఉప్పు చువ్వను చేరితే తుప్పు పుడుతుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలినుండి చీలుస్తుంది. దీనిని నివారించడానికే నీటి పాలు తగ్గించి, ఫ్లైయాష్, సిలికా ఫ్యూమ్, స్లాగు పొడి కలిపి సూక్ష్మరంధ్రాలను పూడుస్తారు. (విశాఖ ఉక్కు సోదరులకు స్లాగు సంగతి మేము చెప్పనక్కరలేదు.)

ఇంత శాస్త్రమూ చివరకు ఒక కూలీ చేతిలోని నీటి గొట్టంపై ఆధారపడి ఉన్నది. భారత ప్రమాణం ఐ.ఎస్. 456:2000 ప్రకారం తీవ్ర పరిస్థితులలో నీరు సిమెంటు బరువులో 0.45 వంతు మించరాదు. అనగా 50 కిలోల బస్తాకు, ఇసుకలోని తేమతో సహా, ఇరవై రెండున్నర లీటర్లు. పోసిన కాంక్రీటును కనీసం 7 రోజులు, ఫ్లైయాష్, స్లాగు వంటివి కలిపినప్పుడు 10 రోజులు తడిగా ఉంచవలెనని కూడా అందులోనే ఉన్నది. పనిస్థలంలో మేము చూసేది ఇందుకు భిన్నం. మిశ్రమం బిగుస్తున్నదని మరో బకెట్టు పోయిస్తారు. నీళ్లు పట్టే మనిషిని మూడవనాడే వేరే పనికి తరలిస్తారు. ఆ మనిషి కూలి మిగిలినందుకు కంట్రాక్టరు సంతోషిస్తాడు. పగులు బయటపడిననాడు మాత్రం నేరం మేస్త్రీదీ కూలీదీ!

ఇది ఇంజనీర్ల వ్యవహారం, సంఘాలకేమి పని అని అడిగేవారున్నారు. వారు ఆ ఇళ్లలో అద్దెకు ఉండరు. తెలంగాణ జిల్లాలనుండి వచ్చి లింబాయత్ వంటి పేటలలో స్థిరపడిన మరమగ్గాల కార్మికులు ఉంటారు. దేశమంతటా ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల బిడ్డలు ఉంటారు.

కావున నిర్మాణరంగంలోని మన సంఘాలు రాబోయే వేతన చర్చలలో కూలిరేటుతోపాటు మరి మూడింటిని పట్టుబట్టవలెను. నీళ్లు పట్టే పనికి పూర్తి పది రోజుల కూలి విడిగా లెక్కకట్టాలి. ఘన పరీక్షల ఫలితాలను, పోతపోసిన తేదీలను పనిస్థలంలో కార్మికుల భాషలో అంటించాలి. అదనపు నీరు పోయనన్న మేస్త్రీని పనినుండి తొలగించరాదు.