ఢిల్లీ లేఖ: సమన్ల ముసుగులో నిఘా

బస్తర్ అరణ్యాలలో ప్రభుత్వానికి, మావోయిస్టులకు సాగిన పోరును గురించి రాజధానిలో మాట్లాడనివారు లేరు. ఆ పోరులో చిక్కుకున్న ఆదివాసీల తరఫున కోర్టుల్లో నిలబడిన న్యాయవాదులను గురించి పట్టించుకున్నవారు అరుదు. జగదల్‌పూర్‌లో 2013లో ఏర్పడిన న్యాయ సహాయ బృందం 2016 ఫిబ్రవరిలో ఆ ఊరు వదలవలసివచ్చింది. ఊరు వదిలినా వేట ఆగలేదు.

ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ 2020 జూన్‌లో ఒక నివేదిక వెలువరించాయి. 2019 జనవరి, అక్టోబరు నెలల నడుమ తొమ్మిదిమందికి మోసపు ఈ-మెయిళ్లు వచ్చాయన్నది దాని సారాంశం. వారిలో ఆ బృందానికి చెందిన శాలినీ గేరా, ఈశా ఖండేల్వాల్ ఉన్నారు. ఎనిమిదిమంది భీమా కోరేగావ్ కేసు ఖైదీల విడుదల కోరినవారే. పంపినవారు విలేకరులుగానో, కోర్టు ఉద్యోగులుగానో చెప్పుకున్నారు. లింకు నొక్కితే తెరపై పత్రం కనిపిస్తుంది. దాని చాటున 'నెట్‌వైర్' అనే నిఘా సాధనం కంప్యూటర్‌లో తిష్ఠ వేస్తుంది. కోర్టు కాగితాన్ని తెరవకుండా ఉండే స్వేచ్ఛ న్యాయవాదికి లేదు. ఉచ్చు పన్నినవారికి ఆ సంగతి బాగా తెలుసు.

నెట్‌వైర్ రహస్యాయుధమేమీ కాదు. కంప్యూటర్లను దూరం నుండి నిర్వహించే వ్యాపార సాధనమన్న పేరుతో బజారులో అమ్ముడైనదే. 2023 మార్చిలో అమెరికా అధికారులు దాని వెబ్‌సైటును స్వాధీనం చేసుకున్నారు.

తెలుగువారికి ఈ కథలో మరొక ముడి ఉంది. రోనా విల్సన్ కంప్యూటర్‌లోకి 2016 జూన్ 13న ఇదే నెట్‌వైర్ ప్రవేశించిందని, అందుకు వరవరరావు ఈ-మెయిల్ ఖాతాను ఎవరో వాడారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ సంస్థ 2021 ఫిబ్రవరిలో తేల్చింది. నేరారోపణకు ఆధారమైన లేఖలను బయటివారే అందులో చేర్చారని కూడా పేర్కొన్నది. ఆర్సెనల్ చేత పరీక్ష చేయించినది ముద్దాయిల పక్షం. అభియోగపత్రంలో లేని ఆ నివేదికను పరిగణించరాదన్నది ఎన్.ఐ.ఎ. వాదన. ఏది నిజమో తేల్చవలసినది న్యాయస్థానమే.

మరి చేసినదెవరు? ఆమ్నెస్టీ నివేదిక ఎవరి పేరూ చెప్పలేదు. ఆ తొమ్మిదిమందిలో కనీసం ముగ్గురు పెగసస్ దాడికీ గురైనవారు. పెగసస్‌పై 2021 అక్టోబరులో జస్టిస్ ఎన్.వి.రమణ నాయకత్వంలోని ధర్మాసనం నిపుణుల సంఘాన్ని నియమించింది. కేంద్రం సహకరించలేదని ఆ సంఘం చెప్పినట్లు 2022 ఆగస్టులో ఆయనే కోర్టులో వెల్లడించారు.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి 'హాష్' విలువతో కూడిన ధ్రువపత్రం జతపరచాలి. స్వాగతించదగినదే. కాని ఆ ముద్ర తీసుకున్న తరువాత ఫైలు మారలేదని మాత్రమే అది చెప్పగలదు. అంతకుముందు దానిని అక్కడ ఎవరు పెట్టారో చెప్పజాలదు. దొంగచాటుగా ఇంట్లోకి చొరబడినవాడు నగలు ఎత్తుకుపోవచ్చును, దొంగసొత్తు దాచిపోనూవచ్చును. రెండవ అవకాశాన్ని పరిశీలించని దర్యాప్తు సగం దర్యాప్తే. ఆ లోటుకు మూల్యం జైలులో గడచిన సంవత్సరాలు.