చీటీ మీద వ్రాసి ఇవ్వండి

ఈ నెల ఉత్తరాల్లో ఒకటి పేరు లేకుండా వచ్చింది. వ్రాసినది ఒక సోదరి. భర్తకు రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతున్నది. అంతకు ముందునుంచే దాంపత్య సుఖం కరువైంది. ఆయన ఇప్పుడు పక్క గదిలో పడుకుంటున్నారు. తనపై మనసు విరిగిందేమోనని ఆమె బాధ.

సోదరీ, అలా తొందరపడి నిర్ణయించుకోకండి. డయాలసిస్ మీదనున్న పురుషుల్లో సగం మందికి పైగా ఈ ఇబ్బంది ఉంటుంది. రోగి సిగ్గుతో చెప్పడు. మేమూ ఫాస్ఫరస్ ఎంత, బరువు ఎంత అని అడుగుతామే గాని ఈ సంగతి అడగము. ఆ లోపం వైద్యులదే.

అంగస్తంభనకు రక్తం ధారాళంగా రావాలి. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేసినప్పుడే నాళాలు సడలుతాయి. శరీరంలో ఈ వాయువు చేసే పనిని వెలికితీసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. మూత్రపిండాలు చెడినప్పుడు రక్తంలో నిలిచిపోయే మలినాలు ఆ వాయువు తయారీకి అడ్డుపడతాయి. కాల్షియం, ఫాస్ఫరస్ నాళాల గోడల్లో పేరుకొని వాటిని గట్టిపరుస్తాయి. మధుమేహం, రక్తపోటు తోడైతే నష్టం రెట్టింపవుతుంది.

ఇక్కడొక ముఖ్య విషయం. ఆ అవయవపు ధమనుల వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లే. గుండె ధమనులది 3 నుంచి 4. పూడిక ముందుగా బయటపడేది సన్ననివాటిలోనే. కనుక ఈ ఇబ్బంది గుండెకు రానున్న ప్రమాదానికి ముందస్తు సూచన కావచ్చు. డయాలసిస్ రోగుల మరణాలకు ప్రధాన కారణం గుండె, రక్తనాళాల జబ్బులే. దాచిపెట్టడం వల్ల కలిగే అసలు నష్టం ఇదే.

రక్తహీనత, పురుష హార్మోను తగ్గడం, నరాల బలహీనత, కొన్ని రక్తపోటు మందులు, దిగులు కూడా కారణాలే. అలాగని రక్తపోటు మాత్రలు సొంతంగా మానవద్దు.

బంధువులు బలానికని ఖర్జూరాలు, బాదంపప్పు పెడతారు. ప్రేమతోనే పెడతారు గాని, వాటిలోని పొటాషియం డయాలసిస్ రోగి గుండెను ఆపగలదు. కుష్తాల జోలికి అసలే పోవద్దు. లోహాలతో చేసిన ఆ భస్మాలను బయటికి పంపే మూత్రపిండాలు ఆయనకు లేవు. ‘మూలికలతో చేసినది’ అని అమ్మే పొట్లాల్లో సిల్డెనాఫిల్ రహస్యంగా కలిపిన సందర్భాలు ఎన్నో పట్టుబడ్డాయి. గుండెనొప్పికి సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మాత్రలు వాడేవారు సిల్డెనాఫిల్ మింగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు.

నైట్రేట్లు వాడనివారికి, గుండె పరీక్షల తరువాత, వైద్యుడు అదే మందును తక్కువ మోతాదుతో మొదలుపెట్టవచ్చు. డయాలసిస్ రోజున రక్తపోటు తగ్గుతుంది గనుక ఏ రోజు, ఏ వేళ వేసుకోవాలో ఆయనే చెప్పాలి. హిమోగ్లోబిన్, ఫాస్ఫరస్, హార్మోన్ల పరీక్షలూ అవసరం. మూత్రపిండ మార్పిడి తరువాత చాలామందికి మెరుగవుతుంది, అందరికీ కాదు.

డయాలసిస్ గదిలో మంచాలు పక్కపక్కనే ఉంటాయి. అక్కడ ఈ మాట ఎవరు చెప్పగలరు? మీవారిని ఒక చీటీ మీద వ్రాసి వైద్యుని చేతికి ఇవ్వమనండి. వాడుతున్న మాత్రలన్నిటి పేర్లూ, ఎవరికీ చెప్పకుండా తెచ్చుకున్నవి ఏవైనా ఉంటే వాటితో సహా, ఆ చీటీలోనే ఉండాలి. ముందుగా ఈ పేజీని ఆయనకు చూపించండి.