సంతకం సరే, సమ్మతి ఏది?

పొద్దున చేరి, ఆపరేషన్ చేయించుకొని, సాయంత్రానికి ఇల్లు చేరే డేకేర్ శస్త్రచికిత్సా కేంద్రాలు మన పట్టణాల్లో పెరుగుతున్నాయి. కంటి శుక్లానికో, హెర్నియాకో రోజుల తరబడి ఆసుపత్రిలో ఉండనవసరం లేకపోవడం రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబాలకు మేలే. మేము కాదనడం లేదు. అయితే గోడపై మెరిసే గుర్తింపు పత్రాన్ని చూసి, లోపల రోగి హక్కులు భద్రంగా ఉన్నాయని నమ్మలేకపోతున్నాము.

ఎన్‌.ఏ.బి.హెచ్‌. గుర్తింపు ప్రమాణాల్లో రోగి హక్కులకు ప్రత్యేక అధ్యాయమే ఉంది. రోగికి అర్థమయ్యే భాషలో వివరించి సమ్మతి తీసుకోవాలని అది కోరుతుంది. తగిన సమాచారం ఇచ్చి పొందినదే చెల్లుబాటయ్యే సమ్మతి అని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మాలో ఒకరి తల్లిగారికి ఒక కేంద్రంలో శుక్లం ఆపరేషన్ జరిగింది. ఆమెకు ఉర్దూ తప్ప మరొకటి చదవడం రాదు. కంట్లో చుక్కలు వేసి, చూపు మసకబారిన తరువాత, ఇంగ్లీషు కాగితాలు ముందుంచి సంతకం ఎక్కడ చేయాలో వేలితో చూపించారు. ఆమె చేశారు. ఫైలు పూర్తయింది! తనిఖీకి వచ్చేవారికి అందులో లోపమేమి కనబడుతుంది?

ఉర్దూ తెలంగాణలో 2017 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుండి రాష్ట్రమంతటా రెండవ అధికార భాష. ఆ చట్టం ప్రైవేటు ఆసుపత్రులకు వర్తించదని వాదించవచ్చు. వారు కోరి తెచ్చుకున్న గుర్తింపు ప్రమాణమైనా వర్తించాలి కదా! ఇది ముస్లింల గోడు మాత్రమే కాదు. తెలుగు మాత్రమే వచ్చిన పక్క మంచం రోగి పరిస్థితీ ఇంతే.

పురుష వైద్యుడు పరీక్షించేటప్పుడు స్త్రీ రోగి వద్ద మరో స్త్రీ ఉండటం హక్కు అని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించగా, 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రజల ముందుంచిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. పరదా పాటించే స్త్రీలు ఇది అడిగితే మతఛాందసమంటూ పెదవి విరుస్తారేమి? ఆపరేషన్ గదిలో శుభ్రతా నియమాలు అందరికీ ఒకటే; వాటికి మినహాయింపు మేము కోరడం లేదు. గది తలుపు దాకా ఒంటిపై నిండుగా వస్త్రం, వెంట ఒక నర్సు కోరుతున్నాము.

డేకేర్‌లో అన్నీ కొన్ని గంటల్లోనే ముగుస్తాయి. కనుక ఆపరేషన్ తేదీ ఖరారైన నాడే సమ్మతి పత్రం రోగి భాషలో చేతికివ్వాలి, ఇంటికి తీసుకెళ్లి చదివించుకోనివ్వాలి. తనిఖీ బృందాలు ఫైళ్లు తిరగేయడంతో సరిపెట్టక, ఆపరేషన్ అయిన పదిమందికి ఫోను చేసి, తమకేమి చేశారో చెప్పగలరేమో అడగాలి.