‘మీదే ఊరు?’ అంటే ఏం చెబుతున్నారు?

‘మీ గురించి చెప్పండి’ అని ఇంటర్వ్యూలో అడిగితే మండవల్లి కుర్రాడు ఏమంటాడు? ‘విజయవాడ దగ్గరండీ’ అంటాడు. నేనూ అలాగే అన్నాను. కొల్లేరంటే వాళ్లకేం తెలుస్తుందని కొంత, పల్లెటూరివాడు అనుకుంటారేమోనని కొంత. ఉద్యోగం కోసం మనం మొట్టమొదట వదిలేసేది చాలాసార్లు ఊరి పేరే.

ఇందులో ఏముందిలే అనుకునేవాళ్లు హయావో మియజాకి తీసిన ‘స్పిరిటెడ్ అవే’ చూడాలి. 2001లో వచ్చిన ఈ జపాన్ యానిమేషన్ చిత్రానికి 2003లో ఆస్కార్ దక్కింది. పిల్లల సినిమా అనుకుంటాం గానీ, నా దృష్టిలో ఇది మొదటి ఉద్యోగం కథ.

పదేళ్ల చిహిరో అమ్మానాన్నలతో దారి తప్పి దేవతల లోకంలో అడుగుపెడుతుంది. అక్కడి తిండి తిని వాళ్లిద్దరూ పందులైపోతారు. ఆ లోకంలో పని లేనివాళ్లకు చోటు లేదు. దేవతలు వచ్చి స్నానం చేసి వెళ్లే స్నానశాల ఒకటుంది. దాని యజమానురాలు యుబాబా ఎంత బెదిరించినా, పని ఇమ్మని అడగడం చిహిరో మానదు. చివరికి యుబాబా ఆమెతో ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని, పేరులోని అక్షరాలు లాగేసుకుంటుంది. చిహిరో కాస్తా ‘సెన్’ అవుతుంది. అసలు పేరు మరిచిపోతే ఇంటికి దారి దొరకదని హాకు అనే కుర్రాడు హెచ్చరిస్తాడు. తన పేరు అతను ఎప్పుడో మరిచిపోయాడు.

ఇంతకీ హాకు ఎవరు? ఒక నది. దాన్ని పూడ్చి అపార్ట్‌మెంట్లు కట్టేశారు. జపాన్ ప్రాచీన సంప్రదాయమైన షింటోలో నదిలో, కొండలో, చెట్టులో ‘కామి’ అనే దైవం ఉంటుందని నమ్మకం. శుద్ధి చేయడం అందులో ముఖ్యమైన ఆచారం. మనకిది కొత్తేం కాదు. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మను జలదుర్గగా కొలుస్తాం, ఫాల్గుణంలో జాతరకు వెళ్తాం. మరి ఆ అమ్మ చుట్టూ ఉన్న నీళ్ల సంగతి? కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో ఆక్రమణ చెరువుల గట్లు తెగ్గొట్టాల్సి వచ్చింది. మనలో చాలామంది కాలేజీ ఫీజులు కట్టింది చేపల చెరువులే. కాబట్టి తప్పంతా ఒకరిదని అనలేం. కానీ ఆ సంగతి తెలియనట్టు ఉండటం మాత్రం సరికాదు.

సినిమాలో భరించలేని కంపుతో ఒక అతిథి వస్తాడు. ఆ పని సెన్‌కి అంటగడతారు. అతని ఒంట్లో ముల్లులా గుచ్చుకున్నది చేతికి తగులుతుంది. తాడు కట్టి అందరూ లాగితే సైకిలు, దాని వెనకే గుట్టలకొద్దీ చెత్త! అతను కంపు దేవుడు కాదు, మురికిపట్టిన నది. మియజాకి స్వయంగా ఓ నదిని శుభ్రం చేసినప్పుడు సైకిలు బయటపడింది. ఆ అనుభవం నుంచే ఈ సన్నివేశం పుట్టింది. భయపడుతూ వచ్చిన పిల్ల పెద్దదయ్యేది ఇక్కడే. ఎవరూ ముట్టని పనిని శ్రద్ధగా చేయడం వల్ల.

ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఇందులో మూడు విషయాలున్నాయి. ఒకటి, పని అడగడానికి సిగ్గుపడకండి. రెండు, మొదట్లో చిన్న పని అప్పగించినా తేలిగ్గా తీసుకోకండి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. బాండ్ మీద సంతకం పెట్టేముందు ప్రతి లైనూ చదవండి. ఎన్నేళ్లు ఉండాలి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, ఇచ్చేది మాత్రం జిరాక్స్ కాపీలే. ఈ రోజుల్లో యుబాబాలు పేరు లాక్కోరు, సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటారు.

ఈసారి ఇంటర్వ్యూలో ఊరు అడిగితే ‘మండవల్లి అండీ, కొల్లేరు పక్కన’ అనండి. ఎక్కడుందది అంటారు. బుడమేరు, తమ్మిలేరు ఎక్కడ కలుస్తాయో, ఆ నీళ్లు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి ఎలా వెళ్తాయో, ఆటపాకకు పెలికాన్లు ఎందుకొస్తాయో చెప్పండి. బట్టీపట్టిన పరిచయం కన్నా ఆ రెండు నిమిషాలు బాగుంటాయి.